పత్తికాయ కోయడానికో మడత చాకు

నేను వ్యవసాయశాఖలో పనిచేస్తాను. అద్దంకి చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్లు నాలుగు నాకు అప్పజెప్పారు. ఆ ఊళ్లలో పత్తి, మిరప తప్ప పెద్దగా వేరే మాట వినపడదు. పొలానికి వెళ్లి పైరు చూసి, పురుగో తెగులో తేల్చి, ఏ మందు ఎంత కొట్టాలో చీటీ రాసివ్వడం నా పని. దానికి కావలసిన సరంజామా కూడా పెద్దదేం కాదు. గొడుగు, మంచినీళ్ల సీసా, భూతద్దం, ఒక చాకు. మొదటి మూడూ ఎక్కడైనా దొరుకుతాయి. ఆ నాలుగోది సంపాదించడానికే నాకు మూడేళ్లు పట్టింది.

చాకెందుకని చాలామంది అడిగారు, కొట్టువాళ్లతో సహా. పత్తిలో గులాబీ రంగు పురుగు అని ఒకటుంది. గుడ్డులోంచి బయటపడగానే అది కాయలోకి దూరిపోతుంది, దూరిన రంధ్రం కూడా పూడుకుపోతుంది. బయటికి కాయ నున్నగా, పచ్చగా కళకళలాడుతూ ఉంటుంది. నిలువునా చీల్చి చూస్తే తప్ప లోపల పురుగుందో లేదో తెలియదు. మిరప మొక్క వడిలిపోయినా అంతే, కాండం చీల్చి లోపలి రంగు చూడాలి. రోజుకు యాభై కాయలు కోసిన రోజులున్నాయి నాకు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు పని నేర్పిన పెద్ద మేడం ఒకావిడ ఉండేవారు. మోపెడ్ మీద, తలకు కండువా చుట్టుకుని, మగవాళ్లకన్నా ముందే చేల గట్ల మీద ఉండేవారు. రిటైరైన రోజు దండలూ శాలువాలూ అన్నీ అయ్యాక నన్ను పక్కకు పిలిచి తన మడత చాకు చేతిలో పెట్టారు. "కాయ కొయ్యకుండా చీటీ రాయకమ్మాయ్" అన్నారు. కొమ్ము పిడి, అరచేతిలో ఇమిడిపోయే పొట్టి చాకు. గోటితో తడితే తెరుచుకునేది, మూస్తే టక్కుమని మూసుకునేది. ఏడేళ్లు వాడాను. ఒక్కసారి సాన పట్టించానేమో.

నాలుగేళ్ల కిందట ఒకరోజు మిరప చేలో పని ముగించి, చాకుకు అంటిన జిగురు కడుగుదామని సాగర్ కాలవ మెట్లు దిగాను. తడి చేతిలోంచి జారింది. అంతే. ఆ చేను రైతు పాపం పంచె ఎగ్గట్టి నడుం లోతుకు దిగి కాళ్లతో తడిమాడు. నీళ్లు వేగంగా పోతున్నాయి.

"కాలవలో పడితే బిందే దొరకదు, చాకేం దొరుకుద్దమ్మా? ఇంకోటి కొనుక్కోండి" అంటూ పైకొచ్చాడు.

ఆ ఆఖరి మాట ఎంత తేలిగ్గా అన్నాడో ఇప్పటికీ గుర్తే.

మర్నాడే అద్దంకిలో ఇనప సామాన్ల కొట్టుకు వెళ్లాను. గునపాలు, పలుగులు, గొలుసులు, మోటారు బోల్టులు, లేని వస్తువు లేదు. మడత చాకు కావాలన్నాను. కొట్టాయన వెనక్కి తిరిగి కూరగాయలు తరిగే చాకుల అట్ట ఒకటి ముందు పెట్టాడు.

"ఇవి కాదండి. మడిచేది."

"మడిచేదెందుకమ్మా? కూరలకి ఇవే బాగుంటాయి. మా ఇంట్లో కూడా ఇవే."

"కూరలకు కాదండి, పత్తికాయలు కోయడానికి."

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని నన్ను పరకాయించి చూశాడు. "పత్తి ఏరతారు గానీ కోసేదేందమ్మా?"

పురుగు కథ మొత్తం చెప్పాను. శ్రద్ధగా విని, చివర్లో కొబ్బరి తురిమేది చూపించాడు. నేను కదలకపోయేసరికి నిచ్చెన వేసుకుని అటక మీంచి దుమ్ము పట్టిన డబ్బా దించాడు. అందులో ఎర్ర ప్లాస్టిక్ పిడి చాకు ఒకటుంది. తెరవబోతే రాలేదు. గోరు విరిగింది. ఆయన పట్టుకారుతో లాగి తెరిచి, "కొత్తది కదమ్మా, బిగుసుంటది. వాడతా ఉంటే అదే వదులవుద్ది" అన్నాడు.

నిజంగానే వదులైంది. మూడో రోజు చేలో కాయ మీద పెట్టి నొక్కగానే చీల ఊడి, పిడి రెండు ముక్కలై, బ్లేడు మాత్రం కాయలో దిగబడి ఉండిపోయింది. ముక్కలన్నీ కాగితంలో చుట్టుకుని కొట్టుకెళ్లి ముందు పెట్టాను.

"చాకుకి గ్యారంటీ ఏందమ్మా?" అని నవ్వాడాయన. నాకు నవ్వు రాలేదు.

సరే, కొట్లలో వెతుకులాట ఎందుకు, ఫోన్‌లో తెప్పించుకుందామనుకున్నాను. మా ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఏ వస్తువు కొనాలన్నా ముందు వాడినవాళ్లు రాసిన మాటలన్నీ చదివి గానీ కొనరు. ఆయనే కూర్చుని ఒకటి ఎంచారు. బొమ్మలో ఆ చాకు ఒక దుంగలో దిగబడి, మొన మీద మంచుబిందువుతో మెరిసిపోతోంది. అందరూ బాగుందనే రాశారు. వారం తర్వాత చిన్న అట్టపెట్టె వచ్చింది. అందులో ఇంకో పెట్టె. అందులో బుడగల కవరు. కవరు విప్పితే నా చిటికెన వేలంత చాకు. తాళాల గుత్తికి తగిలించుకునేదట. బొమ్మలో దాని పక్కన ఏ వస్తువూ లేదు కాబట్టి ఎంతుంటుందో మాకు తెలియలేదు. కొలతలు కింద ఎక్కడో రాసే ఉన్నాయని మా ఆయనే మళ్లీ చదివి కనిపెట్టారు.

"నేను మందం చూశాను, పొడవు చూడలేదు" అన్నారు.

"లెక్కల మాస్టారు కదూ మీరు" అన్నాను.

వెనక్కి ఇచ్చేద్దామంటే పార్సిల్ తీసుకెళ్లడానికి వచ్చినాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "పదునున్న వస్తువులు వాపసు తీసుకోం మేడం."

"దీనికి పదును లేదయ్యా, అందుకేగా ఇస్తున్నా!"

"అట్టా రాయడానికి ఫోన్‌లో గడి లేదు మేడం" అని వెళ్లిపోయాడు.

పౌరుషానికి పోయి ఈసారి పెద్దది తెప్పించాను. పదకొండు పనులు చేస్తుందన్నారు. వచ్చాక చూస్తే స్క్రూలు తిప్పేది ఉంది, సీసా మూత తీసేది ఉంది, బిరడా పీకే మెలికల చువ్వ ఉంది, చేప పొలుసు గీకేది ఉంది, పళ్లు కుట్టుకునే పుల్ల కూడా ఉంది. వీటన్నిటి మధ్య ఇరుక్కుని చాకు ఉంది. దాన్ని తీయబోతే ముందు బిరడా చువ్వ వస్తుంది. దాన్ని మూయబోతే రంపం వస్తుంది. ఎవరైనా ఉదయాన్నే పొలానికి బిరడా వేసిన సీసా తెస్తే వాళ్లకు ఉపయోగపడేదాన్ని గానీ, నాకలాంటి రైతు తగల్లేదు.

దాంతోనే నాకు జరగాల్సిన మర్యాద జరిగింది. దీపావళి వెళ్లిన వారంలో ఒక ఊళ్లో పదిహేనుమంది రైతుల్ని పిలిచి పత్తిచేలో నిలబెట్టాను. ఆ చేను ఆసామి మొండిమనిషి. తన పత్తిలో పురుగు లేదని, నేను ఊరికే భయపెడుతున్నానని ముందే అందరితో అనేశాడు. నేను కాయ తెంపి, పదకొండు పనుల సాధనం తీసి, రెండు తప్పుడు పరికరాల తర్వాత చాకు పట్టుకుని కాయ మీద నొక్కాను. దిగలేదు. ఇంకాస్త నొక్కాను. కాయ చీలలేదు, నలిగింది. అరచేతినిండా పచ్చటి గుజ్జు. అందులో పురుగుంటే అదీ నలిగిపోయి ఉంటుంది.

ఆసామి ఒంగి నా అరచేతిలోకి చూశాడు. "ఏదమ్మా పురుగు? నాకు పచ్చడి కనపడతంది."

అందరూ నవ్వారు. ఇంకో కాయ తీశాను, అదీ నలిగింది. ఒకాయన కొడవలి తెస్తానన్నాడు. ఈలోగా టీ వచ్చింది, తలా ఒక గ్లాసు పట్టుకుని మాట మార్చేశారు. ఆసామి మందు కొట్టలేదు. సంక్రాంతి నాటికి అతని చేలో సగం కాయలు సరిగ్గా విచ్చుకోక, పసుపు మరకలతో గుడ్డిగా మిగిలాయి. ఆ పత్తి చూసినప్పుడు అతని మీద వచ్చిన కోపంకన్నా ఆ చాకు మీద వచ్చిన కోపమే ఎక్కువ. మంచి చాకుంటే ఆ రోజు పురుగు చూపించేదాన్ని. అతను మొండివాడే గానీ కళ్లెదుట కనపడ్డదాన్ని కాదనేవాడు కాదు.

ఆ ఏడాది వేసవిలో గుంటూరు వెళ్లినప్పుడు మార్కెట్ దగ్గర ఒక చిన్న దుకాణంలో ఇంకొకటి కొన్నాను. బయటి దేశం సరుకన్నాడు దుకాణదారు. మీట నొక్కితే బ్లేడు తనంతట తనే ఎగిరి బయటికి వస్తుంది. కొట్లో నాలుగుసార్లు నొక్కి చూపించాడు, నాలుగుసార్లూ బ్రహ్మాండంగా వచ్చింది. పదును కూడా ఉంది. కాగితం పెట్టి చూశాను, చక్కగా తెగింది.

అయితే దీన్ని జేబులో పెట్టుకోవాలి. నా చుడీదార్లకు జేబులుండవు. చేతిసంచిలో వేసుకున్నాను. సంచిలో ఫోను, పర్సు, రిజిస్టరు, వీటిలో ఏదో ఒకటి మీట మీద పడుతూనే ఉంటుంది. మొదటి వారం సంచి లోపలి గుడ్డ తెగింది. రెండోవారం రైతుల సంతకాలున్న కాగితాలు అడ్డంగా తెగాయి. మూడోవారం పెన్ను కోసం చెయ్యి పెడితే నా వేలు తెగింది. కట్టు కట్టుకుని మిరప చేలోకి వెళ్లిన రోజు ఎలా గడిచిందో మిరప కోసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత దానికి రెండు రబ్బరు బ్యాండ్లు వేసి ఉంచేదాన్ని. అవి విప్పి చాకు తెరిచేసరికి రైతు పక్క చేలోకి వెళ్లిపోయేవాడు.

అది కూడా ఎంతోకాలం లేదు. గుంటూరులో ఏదో సమావేశానికి ఒక పెద్ద ఆఫీసుకు పిలిచారు. గేటు దగ్గర కాపలా ఉన్నావిడ నా సంచి తెరిచి, రబ్బరు బ్యాండ్లు చుట్టిన చాకు పైకెత్తింది.

"ఇదేంటి మేడం?"

"చాకండీ. పత్తికాయలు కోయడానికి."

"మీటింగులో పత్తికాయలు కోస్తారా?"

వెనక వరసలో ఉన్న మావాళ్లంతా కిసుక్కుమన్నారు. వెళ్లేటప్పుడు తీసుకోమని ఆవిడ దాన్ని సొరుగులో వేసింది. సాయంత్రం వచ్చేసరికి కుర్చీలో ఇంకొకాయన ఉన్నాడు. డ్యూటీ మారిందని, తనకు చాకేదీ అప్పజెప్పలేదని చెప్పి సొరుగు లాగి చూపించాడు. అగ్గిపెట్టెలు, రెండు లైటర్లు, ఒక కత్తెర, ఎవరిదో గోళ్లు తీసుకునేది ఉన్నాయి. "ఇందులో మీదేదన్నా ఉంటే తీసుకోండి మేడం" అన్నాడు మర్యాదగా.

ఆ చాకంటే నాకు ప్రేమేం లేదు. నా వేలు కోసింది, కాగితాలు కోసింది. అయినా ఆ గేటు దగ్గర పావుగంట గొడవపడ్డాను. కత్తెర తీసుకెళ్లమని ఆయన మళ్లీ అనేసరికి ఏడుపొచ్చినంత పనైంది. బస్సెక్కాక ఇంక సిగ్గు విడిచి చీరాలలో ఉంటున్న మా పెద్ద మేడంకు ఫోన్ చేశాను. మూడేళ్లలో ఆవిడతో ఎన్నోసార్లు మాట్లాడాను గానీ చాకు పోయిన సంగతి చెప్పలేదు. అడుగుతారేమోనని ప్రతిసారీ బితుకుబితుకుమంటూనే ఉండేదాన్ని. ఆ రోజు కాలవ సంగతి మొదలుపెట్టి గేటు సంగతి దాకా ఏకబిగిన చెప్పేశాను. అవతల ఆవిడ నవ్వు ఆపుకోలేకపోతున్నారు.

"మీరిచ్చిన ఆ చాకు ఎక్కడ కొన్నారో చెప్పండి మేడం. విజయవాడైనా హైదరాబాదైనా వెళ్లి అలాంటిదే తెచ్చుకుంటాను."

"కొనడమా? నేనెక్కడ కొన్నానమ్మాయ్! చిలకలూరిపేట బస్సులో సీటు కింద దొరికింది. ఎవరిదోనని కండక్టరుకిచ్చాను. రెండు వారాలైనా ఎవరూ రాలేదని ఆయన తెచ్చి మళ్లీ నాకే ఇచ్చాడు."

"మరి అంతకుముందు?"

"అంతకుముందు కొన్నవి ఐదో ఆరో. ఒక్కటీ పనికిరాలేదు. ఒకదానితో జామకాయ కోయబోతే పిడి చేతిలోకి వచ్చింది. ఆ చిరాకు నీకు చెప్పి ఏం లాభమని ఊరుకున్నా."

చాకు పోగొట్టినందుకు ఒక్కమాట అనలేదు. నాకు మనసు తేలికపడిన మాట నిజమే. కానీ కొనడానికి ఇంక ఏ ఊరూ మిగల్లేదు. ఫోన్ పెట్టేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. కొంటే దొరకని వస్తువు కోసం ఇంతకాలం తిరిగానా అని ఒళ్లు మండిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లు పళ్లతో కొరికి కాయలు చీల్చాను. మందు కొట్టిన కాయ నోట్లో పెట్టకూడదని రైతులకు చెప్పేదాన్ని నేనే.

పోయిన ఏడాది కార్తీకంలో ఒక చేలో అలాగే కాయను కొరకబోతుంటే, పక్క సాళ్లలో పత్తి ఏరుతున్న ఒక నడివయసావిడ "ఆగండి మేడం!" అని కేకేసింది. కూలీల ముఠాను తీసుకొచ్చే మేస్త్రి ఆమె. ప్రతి చేలో కనపడే మనిషే. ఒళ్లో కట్టుకున్న సంచిలోంచి ఏదో తీస్తూ వచ్చింది.

"మందు కొట్టి నాలుగు రోజులు కాలా, నోట్లో పెట్టుకుంటారేంది? ఇట్టా తేండి."

నా చేతిలో కాయ తీసుకుని తన చాకుతో ఒక్క గీత గీసింది. కాయ రెండు చెక్కలుగా విడిపోయింది. లోపల దూది చెక్కు చెదరలేదు. మధ్యలో గులాబీ రంగు పురుగు మెల్లగా కదులుతోంది. నేను పురుగును చూడలేదు, చాకునే చూశాను.

"ఇదెక్కడ కొన్నావమ్మా?"

"కొనేదేంది మేడం? మా ఆయన చేసిచ్చాడు. రంపం బ్లేడు విరిగితే అరగదీశాడు. కూడు మూట తాడు కోసుకోడానికి, ఉల్లిపాయ కోసుకోడానికి అన్నిటికీ ఇదే."

ఆమె భర్తకు ఊరి మొదట్లో వెల్డింగ్ షెడ్డు ఉంది. ఆదివారం చర్చి అయ్యాక రమ్మంది. ఇంట్లో ఉన్న చాకులన్నీ సంచిలో వేసుకుని వెళ్లాను. ఆయన తెల్ల చొక్కాలోనే ఉన్నాడు, దాని చేతులు పైకి మడుచుకుని ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టి చూశాడు. ఎర్ర పిడి బ్లేడును వేలితో వంచితే వంగి అలాగే ఉండిపోయింది.

"ఇది రేకు మేడం. డబ్బా మూతలకి పనికొస్తది." పదకొండు పనుల దాన్ని తెరిచి మూసి, తెరిచి మూసి, పక్కన పెట్టాడు. "వీటికి సాన పట్టినా సాయంత్రానికి పోద్ది. ఆ సత్తా ఇనుములోనే లేదు."

"నాకొకటి చేసిస్తారా? మడత పెట్టేది."

"మడత మాత్రం అడగొద్దు. తిప్పలంతా ఆ మడతలోనే ఉంది. సూటిగా చేస్తా, ఒర పెట్టిస్తా."

చొక్కా మార్చుకుని వచ్చాడు. లేత్ పని చేసేవాళ్ల దగ్గర తెచ్చుకున్న మందపాటి రంపం బ్లేడు ముక్క ఒకటి పెట్టి గ్రైండర్ మీద అరగదీశాడు. రెండు క్షణాలకోసారి నీళ్ల తొట్లో ముంచుతున్నాడు. వేడెక్కితే పదును నిలవదట. తుమ్మ చెక్కతో పిడి వేసి, రెండు చీలలు కొట్టాడు. ప్లాస్టిక్ గొట్టం ముక్కను మంట మీద కాచి, మెత్తబడ్డాక చెక్కల మధ్య నొక్కి ఒర చేశాడు. నా అరచెయ్యి పట్టుకుని కొలత చూడలేదు గానీ నా చేతి వంక మాత్రం రెండుమూడుసార్లు చూశాడు. పట్టుకుంటే సరిగ్గా సరిపోయింది. ఆ మధ్యాహ్నమే దారిలో ఒక చేలో దిగి ఇరవై కాయలు కోశాను. ఆ చేలో పురుగు లేదు. మందు అవసరం లేదని చీటీ మీద రాసిస్తుంటే ఆ రైతు, "ఆదివారం పూట వచ్చి ఇది చెప్పడానికా అమ్మా?" అన్నాడు. సంతోషంగానే అన్నాడు.

కొన్న చాకులు ఇప్పటికీ మా బల్ల సొరుగులో ఉన్నాయి. మా ఆయన పార్సిళ్లు విప్పడానికి వాటిని వాడబోయి, చివరికి తాళం చెవితో విప్పుతారు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. నా చాకు చూసి మా ఆఫీసులో మిగతావాళ్లకూ అలాంటిదే కావాలనిపించింది. అందరూ నాలాగే కొని కొని విసిగినవాళ్లే. నాలుగింటికి చెప్పమని నా వెంటపడితే, ఆ వెల్డింగ్ ఆయనకు ఫోన్ చేశాను.

"బ్లేడు లేదు మేడం. ఆ లేత్ షెడ్డువాళ్లు మిషను మార్చారు, ఈ కొత్త బ్లేళ్లు తొందరగా విరగట్లా. విరిగితే తప్పకుండా చేస్తా."

ఎప్పటికి విరుగుతుందని అడిగాను.

"అదెట్టా చెప్తాం మేడం, అది విరగాలిగా."

ఇప్పుడు ప్రతి సోమవారం మా సమావేశం మొదలవకముందే వాళ్లు నన్ను అడిగే మొదటి మాట బ్లేడు విరిగిందా అని. లేదంటే నా వంక, నేనే దాన్ని విరక్కుండా కాపాడుతున్నట్టు చూస్తారు.